అబ్జర్వేషన్‌కి వెళ్లిన బడిలో మీరేం చూశారు?

పలక_బలపం (డీఈఎల్‌ఈడీ మొదటి సంవత్సరం, కోనసీమ)
ఆదివారం, రాత్రి 9:40

అందరికీ నమస్కారం. మా టీచర్ ట్రైనింగ్ కాలేజీ వాళ్లు రెండు వారాలు అబ్జర్వేషన్‌కి, అంటే బడిలో కూర్చుని పాఠాలు ఎలా జరుగుతున్నాయో చూసి రాయడానికి, పంపారు. నాకు ఊరి చివరి మండల పరిషత్ ప్రాథమిక పాఠశాల పడింది. ఒక వారం అయిపోయింది, ఇంకో వారం ఉంది. రికార్డు రాద్దామని కూర్చుంటే చెయ్యి కదలడం లేదు. అందుకే ఇక్కడికొచ్చాను.

రికార్డులో ఇచ్చిన గడులన్నీ టీచర్ గురించే. ఉన్ముఖీకరణ (పిల్లల మనసు పాఠం వైపు తిప్పడం) చేశారా, నల్లబల్ల ఎలా వాడారు, ఎన్ని ప్రశ్నలు అడిగారు, పునశ్చరణ చేశారా, ఇంటిపని ఇచ్చారా. మొదటి రెండు రోజులూ నేనూ అవే చూశాను. వెనక కిటికీ పక్కన కుర్చీ వేసుకుని, టీచర్ గారినే చూస్తూ టిక్కులు పెట్టుకుంటూ పోయాను.

మూడో రోజు కరెంటు పోయింది. కిటికీలన్నీ తెరిస్తే బోర్డు మీద ఎండ పడి నాకు ఒక్క అక్షరం కనపడలేదు. కుర్చీ తీసుకెళ్లి ముందు పక్క గోడ దగ్గర వేసుకున్నాను. అక్కణ్నుంచి టీచర్ వీపు, పిల్లల మొహాలు కనపడతాయి. మూడో తరగతి తెలుగు. ఆవిడ ఒక వాక్యం చదువుతారు, ముప్పై ఒక్క మందీ కలిసి దాన్నే చెప్తారు. గోడలు అదిరిపోతున్నాయి. "అర్థమైందా?" అంటే "అయిందీ... టీచర్!" అని ఒకటే రాగం.

ఆ రాగంలో ఒక కుర్రాడి నోరు మిగతా అందరికంటే కాస్త ఆలస్యంగా కదులుతోంది. డబ్బింగ్ సరిగ్గా కుదరని సినిమాలాగా. వాడు పుస్తకం చూడటం లేదు, పక్కవాడి పెదాలు చూస్తున్నాడు. పుస్తకం తెరిచిన పేజీ కూడా వేరే పాఠంది.

భోజనాలయ్యాక చేతులు కడుక్కుని వస్తుంటే పిలిచి ఒకటో తరగతి వాచకం తీశాను. ఆవు బొమ్మ ఉన్న పేజీ చూపిస్తే "ఆవు" అని టక్కున చదివాడు. బొమ్మ మీద నా అరచెయ్యి పెట్టి "ఇప్పుడు చదువు నాన్నా" అన్నాను. వాడు అక్షరాల వైపు చూడనే లేదు. నా వేళ్ల సందుల్లోంచి బొమ్మ కనపడుతుందేమోనని మెడ వంచి చూశాడు.

అదే తరగతికి అంతకు ముందు రెండు రోజులూ నేను "పఠనం: బాగుంది" అని టిక్కు పెట్టాను.

నా సందేహం ఏంటంటే, ఇలాంటివి రికార్డులో రాయొచ్చా? కింద ఆ టీచర్ గారే సంతకం పెట్టాలి కదా. ఇంకోటి, మీరు వెళ్లినప్పుడు మీకేం కనపడింది?

---

కొండగట్టు_తమ్ముడు (డీఈఎల్‌ఈడీ రెండో సంవత్సరం, జగిత్యాల)
ఆదివారం, రాత్రి 10:25

అక్కా, రికార్డు సంగతి నన్నడుగు. మా సీనియర్ రికార్డు నా దగ్గరుంది, ఆయన సీనియర్‌ది ఆయన దగ్గరుండేది. ఆ రికార్డుల ప్రకారం అయితే మా జిల్లాలో ఏళ్ల తరబడి ప్రతి తరగతిలో ఉన్ముఖీకరణ అద్భుతంగా జరుగుతూనే ఉంది. ఒక్క పిల్లాడు కూడా ఒక్క తప్పు చెప్పలేదు.

జోకు పక్కన పెడితే, నాకు కనపడింది ఒక లెక్క. నాలుగో తరగతి. సార్ సెలవులో ఉంటే నోటుబుక్కులు నన్ను దిద్దమన్నారు. 42 లోంచి 18 తీసివేయాలి. ఏడు పుస్తకాల్లో 36 అని ఉంది. అందరిదీ ఒకే తప్పు కాబట్టి కాపీ కొట్టారనుకుని అన్నిటికీ ఎర్రపెన్నుతో ఇంటూ కొట్టేశాను. తర్వాత చూస్తే ఆ ఏడుగురూ తలా ఒక మూల కూర్చునేవాళ్లు. అనుమానం వచ్చి ఒక పాపను పిలిచి "ఎట్ల చేసినవ్ చెప్పు" అన్నాను. "ఎనిమిదిలకెల్లి రెండు తీస్తే ఆరు, నాలుగులకెల్లి ఒకటి తీస్తే మూడు" అని చెప్పింది. పెద్దదాంట్లోంచి చిన్నదే తీయాలని చిన్న తరగతిలో ఎవరో చెప్పి ఉంటారు. ఆ మాటను అంత గట్టిగా పట్టుకుంది. నిర్లక్ష్యం ఏమీ లేదు అందులో.

వాళ్లమ్మకి బస్టాండు దగ్గర మిర్చి బజ్జీల బండి ఉంది. "నీ దగ్గర 42 రూపాయలున్నయ్, 18 రూపాయలు ఇచ్చేసినవ్, ఎన్ని మిగులుతయ్?" అని అడిగాను. నా మాట పూర్తి కాకముందే "ఇరవై నాలుగు" అంది.

"మరి పుస్తకంలో 36 ఎందుకొచ్చింది?"

"అది లెక్క సార్. ఇవి పైసలు."

నా రికార్డులో "గణితంలో వెనుకబడిన విద్యార్థుల పేర్లు" అని ఒక గడి ఉంది. ఆ పాప పేరు అందులో రాయాలా వద్దా అని ఇప్పటికీ తేల్చుకోలేదు.

---

ఎస్జీటీ_అత్తయ్య (ప్రాథమిక బడి టీచర్, 22 ఏళ్ల సర్వీసు, పశ్చిమ గోదావరి)
సోమవారం, ఉదయం 6:10

అమ్మాయ్, బాబూ, ఇద్దరూ బాగా చూశారు, బాగా రాశారు. కానీ పొద్దున్నే కాఫీ తాగుతూ చదువుతుంటే నాకు కాస్త చురుక్కుమంది. వెనక కుర్చీలో కూర్చున్నవాళ్లకి అన్నీ కనపడతాయి. బోర్డు దగ్గర నిలబడ్డవాళ్లకి కనపడవు.

విద్యాహక్కు చట్టం లెక్కన అరవై మంది పిల్లల వరకు ఇద్దరు టీచర్లు ఉండాలి. మా బడిలో 27 మంది, ఐదు తరగతులు, నేనొక్కదాన్నే. రెండో పోస్టు ఖాళీ. పొద్దున్నే నా ముఖం ఫోనుకి చూపించి హాజరు వేసుకోవాలి, తర్వాత పిల్లల హాజరు. గుడ్ల లెక్క, చిక్కీల లెక్క, వంటావిడ రాకపోతే ఆ టెన్షన్. ఒకటి, రెండు తరగతుల్ని వరండాలో పలకలతో కూర్చోబెట్టి, మూడుకి ఎక్కాలు అప్పజెప్పి, నాలుగు, ఐదుకి లోపల పాఠం. సగంలో వరండాలోంచి "టీచర్, వీడు నా బలపం తినేశాడు". మీరు ఏకోపాధ్యాయ పాఠశాలలో కనీసం మూడు రోజులు కూర్చోండి. బహుళ తరగతి బోధన అని మీ పుస్తకంలో ఒక పేజీ ఉంటుంది, దాని అసలు రూపం అప్పుడు తెలుస్తుంది.

ఇంకో మాట. అందరూ కలిసి చెప్పడం అంటే మీకు చిన్నచూపు వచ్చేసినట్టుంది, అది పొరపాటు. ఎక్కాలు, గేయాలు అలాగే రావాలి. నోరు విప్పని పిల్ల ఆ గుంపులో దాక్కునే మొదటిసారి గొంతు బయటపెడుతుంది. గుంపులో చెప్పించడం తప్పు కాదు, "అయిందీ టీచర్" అనే మాటని నమ్మి బోర్డు తుడిచేయడం తప్పు. నేనూ చాలా ఏళ్లు నమ్మాను, ఒప్పుకుంటున్నాను.

ఇప్పుడు నేను చేసేది చెప్తాను. ప్రశ్న అడుగుతాను, ఎవ్వరూ మాట్లాడకూడదు. జవాబు పలక మీద రాయాలి. "ఎత్తండి" అనగానే అందరూ పలకలు గుండెల దగ్గర పెట్టుకుని నా వైపు తిప్పాలి. ఒక్క చూపులో ఎవరికి వచ్చిందో, ఎవరికి రాలేదో, ఎవరు పక్కవాడి పలక చూసి చెరిపి రాశారో మొత్తం తెలిసిపోతుంది. చెరిపి రాసినవాడి పలక మీద తడి ఆరదు కదా! డిజిటల్ బోర్డులు వచ్చాయి, ట్యాబులు వచ్చాయి, నాకు మాత్రం దీన్ని మించిన పరికరం ఇంతవరకు దొరకలేదు.

---

బిట్_బ్యాంక్
సోమవారం, ఉదయం 8:02

ఇవన్నీ బాగానే ఉన్నాయి గానీ, టీచర్ ఉద్యోగాల పరీక్ష డీఎస్సీలో ఇవేవీ అడగరు ఫ్రెండ్స్. దానికి ముందు రాసే అర్హత పరీక్ష టెట్‌లో 150 బిట్లు, రెండున్నర గంటలు. డీఎస్సీలో టెట్ వెయిటేజీ 20 శాతం. మెగా డీఎస్సీలో 16,347 పోస్టులే అంత పెద్ద వార్త అయిందంటే పోటీ ఎలా ఉందో చూడండి. అబ్జర్వేషన్‌కి వెళ్లినప్పుడు కూడా జేబులో బిట్లు పెట్టుకెళ్లి చదువుకున్నోడికే ఉద్యోగం. రికార్డు ఎవడైనా రాస్తాడు.

---

కొండగట్టు_తమ్ముడు
సోమవారం, మధ్యాహ్నం 1:15

బిట్_బ్యాంక్ అన్నా, నువ్వన్నది అబద్ధం కాదు. నేనూ చదువుతున్నాను. కానీ టెట్‌లో శిశు వికాసం 30 మార్కుల్లో పియాజే అనే మనస్తత్వవేత్త ఎప్పుడూ ఉంటాడు కదా. పొడుగు గ్లాసు, వెడల్పు గ్లాసు, "పదిలపరచుకొనే భావన", అంటే గిన్నె ఆకారం మారినా లోపల ఉన్నది అంతే ఉంటుందని తెలియడం. నాలుగుసార్లు చదివి నాలుగుసార్లు మర్చిపోయాను. బడిలో రాగిజావ పోసేటప్పుడు ఒకటో తరగతి పాప ఇంటి నుంచి తెచ్చుకున్న పొట్టి గిన్నెలో జావ చూసుకుని, పక్క పాప పొడుగు స్టీలు గ్లాసు చూసి ఏడుపు అందుకుంది. "ఇద్దరికీ ఒకే గరిటె పోసిన బిడ్డా" అని వంటామె మొత్తుకుంటోంది. పాప వినదు. చివరికి ఆమె ఆ జావనే ఒక పొడుగు గ్లాసులోకి వంచి ఇచ్చింది. ఏడుపు బంద్. ఆ బిట్టు మాత్రం ఇక నాకు జన్మలో తప్పు పోదు.

---

తండా_నుంచి (డీఈఎల్‌ఈడీ పూర్తయింది, నాగర్‌కర్నూల్)
సోమవారం, రాత్రి 9:05

అక్క రాసిన ఆ కుర్రాడి సంగతి చదివాక నాకు నా ఒకటో తరగతి గుర్తొచ్చింది.

మా ఇంట్లో లంబాడీ. బడిలో తెలుగు. సార్ "పలక తీయండి" అంటే అందరూ ఏం తీస్తున్నారో చూసి నేనూ తీసేవాణ్ని. ఎప్పుడూ అందరికంటే ఒక అడుగు వెనక. నాకు మొద్దు అని పేరు పెట్టారు. ఆ మాటకి అర్థం తెలియడానికి కూడా నాకు కొన్ని నెలలు పట్టింది. తెలిసేసరికి అలవాటైపోయింది.

అబ్జర్వేషన్‌లో నాకు ఇంకో తండా బడి పడింది. మేడమ్ మంచావిడ, ఓపిక మనిషి. ఒకటో తరగతి బాబుకి బొమ్మ చూపించి "ఇదేంటి?" అంది. వాడు హుషారుగా "ఘర్" అన్నాడు. "కాదు, ఇల్లు. అందరూ చెప్పండి, ఇల్లు." అందరూ ఇల్లు అన్నారు. వాడు మాత్రం అనలేదు. ఆ తర్వాత మూడు బొమ్మలకి చెయ్యి కూడా ఎత్తలేదు. వాడు చెప్పింది కరెక్టు. ఆ గదిలో అది కరెక్టని తెలిసిన పెద్దవాణ్ని నేనొక్కణ్నే, వెనక కూర్చుని రాసుకుంటున్నాను.

ఇంటర్వెల్‌లో భయం భయంగా చెప్పాను. మేడమ్ కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత ఒక కాగితం ఇచ్చి "బాబూ, నాకు ఒక ఇరవై మాటలు రాసిపెట్టు" అన్నారు. యాడి అంటే అమ్మ, పాణి అంటే నీళ్లు, బాటి అంటే రొట్టె, ఇలా రాసిచ్చాను. మర్నాడు చూస్తే ఆ కాగితం టేబుల్ అద్దం కింద ఉంది. ఉమ్మడి రాష్ట్రంలో ఉన్నప్పుడే లంబాడీ, గోండి, కోయ, కొలామి, సవర, కువి, కొండ, ఆదివాసీ ఒడియా భాషల్లో తెలుగు లిపితో చిన్న తరగతుల వాచకాలు తెచ్చారు. ఆ బడి బీరువాలో నాకు ఒక్కటీ కనపడలేదు. అద్దం కింద ఆ ఇరవై మాటలే ఉన్నాయి.

---

ఆదోని_పత్తి (డీఈఎల్‌ఈడీ రెండో సంవత్సరం, కర్నూలు జిల్లా)
మంగళవారం, ఉదయం 7:30

మా వైపు కథ వేరే. దీపావళి దాటిందంటే ఊళ్లు ఖాళీ అవుతాయి. పత్తి తీయడానికి, మిరపకాయలు కోయడానికి గుంటూరు వైపు వలస పోతారు, పిల్లల్ని కూడా తీసుకునే. నేను వెళ్లిన తరగతిలో రిజిస్టరులో 38 పేర్లు, గదిలో 17 తలలు.

మన పాఠ్యపథకంలో "పూర్వజ్ఞాన పరిశీలన" అని ఉంటుంది కదా, నిన్న ఏం నేర్చుకున్నామో అడిగి మొదలుపెట్టాలి. ఇక్కడ నిన్న ఉన్నవాళ్లు ఇవాళ లేరు, ఇవాళ వచ్చినవాళ్లు పోయిన వారం లేరు. ఆ సార్ పద్ధతి నాకు మొదట అర్థం కాలేదు. పాఠం ఏదైనా సరే ఆ పూటే మొదలుపెట్టి ఆ పూటే ముగించేస్తారు. రేపటికి ఏదీ మిగల్చరు. సిలబస్ అవుతుందా సార్ అంటే నవ్వారు.

ఒక పాప రెండేళ్ల తమ్ముణ్ని చంకన వేసుకుని బడికొచ్చేది. వాడు ఏడిస్తే బయటికి పోవడానికి వీలుగా తలుపు దగ్గర కూర్చునేది. అబ్జర్వేషన్ షీట్‌లో "తరగతి గది క్రమశిక్షణ" దగ్గర ఐదుకి ఎన్ని మార్కులు వేయాలో తెలియక ఖాళీ వదిలేశాను. మా లెక్చరర్ ఎందుకు ఖాళీగా ఉందని తిట్టారు. ఖాళీగా ఉన్నది తరగతి సార్ అందామనుకుని ఊరుకున్నాను, ఇంటర్నల్ మార్కులు వాళ్ల చేతుల్లో ఉంటాయి కదా!

---

డల్లాస్_అమ్మ
మంగళవారం, ఉదయం 10:48

నేను గుంటూరులో బీఎస్సీ చదివి పెళ్లయి ఇక్కడికొచ్చాను. పిల్లలు పెద్దవాళ్లయ్యాక టీచర్ సర్టిఫికేట్ కోసం చదువుతూ ఈ మధ్యే ఒక రెండో తరగతిలో అబ్జర్వేషన్‌కి కూర్చున్నాను. మీ పోస్టులు చదువుతుంటే సిగ్గుగా ఉంది, ఇక్కడ టెక్సాస్‌లో నాలుగో తరగతి వరకు సెక్షన్‌కి 22 మందే ఉండాలని చట్టం. (మినహాయింపులు తెచ్చుకుంటారు లెండి.)

కానీ ఇక్కడా ఇదే జబ్బు. చెయ్యెత్తే ఐదుగురు ఎప్పుడూ ఆ ఐదుగురే. ఆ టీచర్ ఐస్‌క్రీం పుల్లల మీద అందరి పేర్లు రాసి ఒక డబ్బాలో వేసుకుంది. ప్రశ్న ముందు అడుగుతుంది, తర్వాత పుల్ల తీస్తుంది. ముందు పేరు పిలిచి తర్వాత ప్రశ్న అడిగితే మిగతా 21 మంది ఆలోచించడం మానేస్తారని ఆవిడ లాజిక్.

ఇంకోటి, మేరీ బడ్ రో అనే పరిశోధకురాలు 1970లలో తరగతులు రికార్డు చేసి చూస్తే, టీచర్లు ప్రశ్న వేశాక సగటున ఒక్క సెకను కూడా ఆగడం లేదట. మూడు సెకన్లు ఆగితే పిల్లల జవాబులు పొడుగవుతాయి, "తెలీదు" అనేవాళ్లు తగ్గుతారు. ఇది చదివి మా అబ్బాయి మీద హోంవర్క్ దగ్గర ప్రయత్నించాను. మూడు సెకన్లు ఇంత పొడుగని నాకు ఈ జన్మలో తెలియదు.

---

ఎస్జీటీ_అత్తయ్య
మంగళవారం, రాత్రి 8:20

డల్లాస్ అమ్మాయీ, సెకన్లు లెక్కపెట్టడం నా వల్ల కాలేదు గానీ, ఇవాళ వేరేలా చేశాను. ప్రశ్న అడిగి మనసులో రెండో ఎక్కం చదువుకున్నాను. రెండొకట్ల రెండు, రెండ్రెండ్ల నాలుగు, అలా రెండైదుల పది దాకా. రెండు నాలుగుల దగ్గరకొచ్చేసరికి ఎప్పుడూ నోరెత్తని పిల్ల లేచి నిలబడింది. జవాబు తప్పు. అయినా లేచింది.

పుల్లలు కూడా బాగున్నాయి. మా దగ్గర కొబ్బరి ఈనెలు బోలెడు.

---

వేపచెట్టు (డైట్, అంటే జిల్లా టీచర్ ట్రైనింగ్ కాలేజీలో లెక్చరర్‌గా రిటైర్డ్)
మంగళవారం, రాత్రి 9:45

ఈ కోర్సుని టీటీసీ అన్నప్పటి నుంచి, డీఎడ్ మీదుగా డీఈఎల్‌ఈడీ దాకా చూశాను. 1986 విద్యా విధానం తర్వాత డైట్‌లు వచ్చాయి, రికార్డుల రంగు మారింది, లోపలి రాత మారలేదు. అలా మారకపోవడంలో నా పాలు కూడా ఉంది. ఏళ్ల తరబడి నేనే సంతకాలు పెట్టాను.

మొదటి పోస్టు పెట్టిన అమ్మాయి ప్రశ్నకి జవాబు. రాయొచ్చు. కానీ పేజీ మధ్యలో గీత కొట్టు తల్లీ. ఎడమ పక్క కంటికి కనపడింది, చెవికి వినపడింది మాత్రమే. కుడి పక్క నీకేమనిపించిందో అది. "ఒక విద్యార్థి అశ్రద్ధగా ఉన్నాడు" అనేది ఎడమ పక్కకి పనికిరాదు. "పెన్సిల్ మూడుసార్లు చెక్కాడు, కిటికీలోంచి ట్రాక్టర్ వైపు చూశాడు, ప్రశ్న అడిగితే పక్కవాడి పెదాలు చూసి జవాబు చెప్పాడు" అని ఉండాలి. నువ్విక్కడ రాసిన మెడ వంచిన సంగతి ఎడమ పక్కకి సరిగ్గా సరిపోతుంది. చాలామంది విద్యార్థులకి ఆ ఎడమ పక్క రాయడం రెండేళ్లయినా రాదు. నేరుగా తీర్పులోకి దూకుతారు. టీచర్ బాగా చెప్పారు, పిల్లలు బాగా విన్నారు, అంతే.

పిల్లల పేర్లు రాయొద్దు. అబ్బాయి ఒకటి, అమ్మాయి రెండు అని రాసుకో. ఫొటోలు తీసి స్టేటస్‌లు పెట్టొద్దు, ఈ మధ్య ఇది మరీ ఎక్కువైంది.

అన్నిటికంటే ముందు, రాసింది ఆ టీచర్‌కి చూపించు. ఆవిడకి తెలియకుండా రాసింది అబ్జర్వేషన్ అనిపించుకోదు, చాడీ అనిపించుకుంటుంది.

---

బిట్_బ్యాంక్
మంగళవారం, రాత్రి 10:30

అసలు సమస్య ఇంగ్లీషు మీడియం. పుస్తకంలో ఒక పక్క ఇంగ్లీషు, ఒక పక్క తెలుగు పెడితే పిల్లాడు మధ్యలో మడత మీద ఆగిపోతాడు.

---

వేదిక_నిర్వాహకుడు
మంగళవారం, రాత్రి 10:41

మీడియం మీద వేరే చర్చ ఇప్పటికే 14 పేజీలు నడుస్తోంది. దయచేసి అక్కడికి వెళ్లండి. (మడత మాట మాత్రం బాగుంది.)

---

కొండగట్టు_తమ్ముడు
బుధవారం, సాయంత్రం 6:00

ఇవాళ నా మొదటి పాఠం. మూడో తరగతికి గడియారం. రాత్రి ఒంటిగంట దాకా కూర్చుని థర్మాకోల్‌తో గడియారం చేశాను. మెరుపు కాగితం అంచు, అట్టతో రెండు ముళ్లు, మధ్యలో గుండుసూది. మా అమ్మ "పెళ్లి మండపానికా?" అని అడిగింది.

క్లాసులో మూడు గంటలు పెట్టి చూపించాను, నాలుగు గంటలు చూపించాను, పలకలెత్తించాను (అత్తయ్య గారికి దండం), అంతా సాఫీ. మూడున్నర కోసం పెద్ద ముల్లు తిప్పి ఆరు మీద పెట్టాను. ముందు వరసలో ఒక బుడ్డోడు లేచి, "సార్, మీ గడియారం ఖరాబైంది" అన్నాడు. ఎందుకురా అంటే, "మా ఇంట్ల మూడున్నరకు చిన్న ముల్లు మూడు మీద ఉండదు. మూడుకు నాలుగుకు నడుమల ఉంటది."

వాడు చెప్పింది నిజం. నా గడియారంలో ముళ్లు రెండూ దేనికది తిరుగుతాయి, చిన్న ముల్లు కదపాలని నాకు తట్టనే లేదు. ఇరవై ఏళ్లుగా టైము చూస్తున్నాను, ఒక్కసారి కూడా ఆ ముల్లు ఎక్కడుందో చూడలేదన్నమాట. వెనక కూర్చున్న మా ఫ్రెండు అబ్జర్వేషన్ షీట్‌లో "బోధనోపకరణం: ఆకర్షణీయం" అని రాశాడు. వేపచెట్టు సార్, అది కుడి పక్కకి వస్తుంది కదా?

---

వేపచెట్టు
బుధవారం, సాయంత్రం 6:22

వస్తుంది నాయనా. ఎడమ పక్క ఆ బుడ్డోడి మాట రాసి, దాని పక్కన రాయమను.

---

పలక_బలపం
శనివారం, సాయంత్రం 7:15

ఇవాళ్టితో అయిపోయింది. ఏం జరిగిందో చెప్పాలి, ఎందుకంటే ఆ టీచర్ గురించి మీ అందరి ముందు నేను సగమే చెప్పాను.

బుధవారం ఇంటర్వెల్‌లో ధైర్యం చేసి రాసింది చూపించాను. ఆవిడ బత్తాయి ఒలుస్తూ మొత్తం చదివి, "వాడికి చదవడం రాదని నాకు తెలుసమ్మా. వాడొక్కడే కాదు, ఆరుగురున్నారు" అన్నారు. సొరుగులోంచి ఒక పొడుగు పుస్తకం తీశారు. ఆరు పేర్లు, ఒక్కొక్కరికి ఒక పేజీ. ఏ తేదీకి ఏ అక్షరాలు వచ్చాయి, ఏ గుణింతం దగ్గర ఆగారు, అన్నీ ఉన్నాయి. ఆ కుర్రాడి వాళ్లది ఇటుక బట్టీల పని, ఊరూరా తిరిగి ఇక్కడికొచ్చారట. ఇది వాడికి మూడో బడి. "రేపు ఎనిమిదిన్నరకి రా" అన్నారు.

నేను రోజూ ప్రార్థన గంటకి వెళ్తున్నాను. వాళ్ల క్లాసు దానికి ముందే అయిపోతోంది. వారం రోజులు నేను లేని టైములో జరిగినదాన్ని జరగలేదనుకుని రాసేశాను.

గురువారం ఎనిమిదిన్నరకి వెళ్లాను. వరండాలో ఆరుగురు, మధ్యలో ఇసుక పోసిన పళ్లెం. పుస్తకం లేదు. టీచర్ "పొద్దున్న మీ ఇంట్లో ఏం కూర?" అని అడుగుతున్నారు, చెప్పిన మాటలు పలక మీద రాస్తున్నారు. ఈ కుర్రాడు టమాట అన్నాడు. ట, మా, ట అని మూడు ముక్కలుగా చదివించి "నువ్వు చూడు వీణ్ని" అని నాకు వదిలేశారు.

నేను మళ్లీ అరచెయ్యి పెట్టాను, ఈసారి మొదటి ట మీద. "ఇప్పుడు చదువు." వాడు నా చెయ్యి వైపు చూడలేదు. మిగిలిన అక్షరాల వైపు చూసి, పెదాలు రెండుసార్లు కదిపి, "మా... ట. మాట!" అన్నాడు. అన్నాక వాడికే ఆశ్చర్యం వేసింది. పలక నా చేతిలోంచి లాక్కుని, తన చెయ్యి మధ్యలో మా మీద పెట్టి "టట!" అని చదివి పడీ పడీ నవ్వాడు. పక్కవాడికి చూపించాడు. వాడు చివరి ట మూసి "టమా!" అన్నాడు. ప్రార్థన గంట కొట్టేదాకా ఇదే ఆట.

రికార్డులో గీత కొట్టి రాశాను. ఎడమ పక్క మూడు పేజీలు నిండింది. కుడి పక్క రెండే లైన్లు రాశాను, వాటిలో ఒకటి కొట్టేశాను. టీచర్ గారు చదివి సంతకం పెట్టారు. మా లెక్చరర్ ఏమంటారో సోమవారం తెలుస్తుంది.

అత్తయ్య గారూ, ఒక సాయం. ఆ బడికి పలకలు కొనిద్దామనుకుంటున్నాను. మా ఊరి దుకాణాల్లో ప్లాస్టిక్‌వే ఉన్నాయి, వాటి మీద బలపం జారిపోతోంది. రాతి పలకలు ఎక్కడ దొరుకుతాయి?

---

ఎస్జీటీ_అత్తయ్య
శనివారం, రాత్రి 8:05

మార్కాపురం నుంచి వచ్చినవి అడుగు తల్లీ. మా చిన్నప్పుడు పలక అంటే మార్కాపురమే. పెద్ద ఊళ్లో పాత స్టేషనరీ కొట్టులో అడిగితే ఇప్పటికీ లోపలి నుంచి తీసిస్తారు. చెక్క చట్రం ఉన్నవి తీసుకో, మూలలు గట్టిగా ఉన్నాయో లేదో ఒక్కొక్కటీ కదిపి చూడు. ఎన్ని కావాలి?

---

పలక_బలపం
శనివారం, రాత్రి 8:09

ముప్పై ఒకటి. కాదు, ముప్పై మూడు తీసుకుంటాను. రెండు ఎలాగూ పగులుతాయి.